కాక చూసిపోయే పానాలు

మొన్న తెల్లాపూర్ నుంచి ఒకాయన మా దుకాణానికి వచ్చాడు. తన కారును ఆదివారాలు తానే బాగుచేసుకోవాలని ఆయనకు సరదా. గాజు అల్మారాలో ఉన్న ర్యాచెట్ స్పానర్ల సెట్టు చూపించి, వీటి మీద అంత పెట్టడం అవసరమా, మామూలు రింగు స్పానర్లు సరిపోవా అని అడిగాడు. చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయాను. నా కుడిచెయ్యి, తడి విదిలించుకున్నట్టు, మణికట్టు దగ్గర దానంతటదే విదిలించుకుంది. నా చేతికి ఏ నొప్పీ లేదు. ఆ విదిలింపు నాది కాదు, కాకది.

కాక మాకు చుట్టం కాదు. బీరంగూడలో ఒక రేకుల షెడ్డులో కార్లు బాగుచేసే మెకానిక్. పటాన్‌చెరు సర్వీసు రోడ్డు మీదున్న మా పనిముట్ల దుకాణానికి వచ్చే మెకానిక్కులందరూ ఆయన్ని కాకా అనేవారు, నేనూ అదే పిలుపు అందుకున్నాను. పోయిన వానకాలంలో ఆయన చనిపోయాడు. నాకు తెలిసేసరికి పదోరోజు కర్మ కూడా అయిపోయింది. చివరిచూపు దక్కలేదు. అందుకేనేమో, ఆయన ముఖం కన్నా ముందు ఆ చెయ్యే గుర్తొస్తుంది.

ఆయన రాకలోనే ఒక తొందర ఉండేది. స్కూటర్ ఇంజను ఆపకుండానే స్టాండు వేసి, మెట్టు మీద ఒక కాలు పెట్టి, "బండి చాలు ఉన్నది బిడ్డా, ఇగ పోత" అనేవాడు. అది వచ్చీ రాగానే అనే మాట. ఆ తర్వాత చాలాసేపు ఉండేవాడు. బయట స్కూటర్ డుగడుగమంటూనే ఉండేది. మధ్యలో రెండడుగులు దాని వైపు వేసి, ఏదో గుర్తొచ్చి మళ్ళీ తిరిగొచ్చేవాడు. కుర్చీ చూపిస్తే దాని మీద తన సంచి పెట్టేవాడు. చాయ్ తెప్పిస్తే సగం తాగి, మిగిలిన సగం చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిరుగుతూ చల్లార్చేవాడు. ఆయన వెళ్ళాక నాకు కూడా ఒకచోట కూర్చోవాలనిపించేది కాదు. సర్దిన డబ్బాలనే మళ్ళీ సర్దేదాన్ని.

ఏ పానా ఇచ్చినా, స్పానర్‌ను ఆయన అలాగే అనేవాడు, ముందు దాన్ని కౌంటర్ ఇనుప అంచుకు కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. కొన్ని "పలుకుతయ్" అనేవాడు, కొన్ని "మూగయి" అనేవాడు. ఆ పరీక్షలో ఎంత నిజముందో నాకిప్పటికీ తెలియదు. పలికిందని కొన్న ఒక స్పానర్ వారంలో నోరు విచ్చుకుంటే, అది అబద్ధం పలికిందని దాన్నే తిట్టాడు. తీర్పులు చెప్పడం ఆయనకు ఇష్టం. ట్యూబు లేని టైర్లు నాలుగు రోజుల ముచ్చట అని మా దుకాణంలోనే అందరి ముందూ అన్నాడు. తర్వాత తన స్కూటర్‌కే అవి వేయించుకొచ్చాడు. అదేంది కాకా అంటే, "ఇవి వేరే కంపెనీయి" అన్నాడు, ఏమాత్రం మొహమాటం లేకుండా.

బోల్టులకు పేర్లు పెట్టేవాడు. వచ్చి కూర్చుని ఎంతకూ కదలనిది అల్లుడు. అది వదిలితే తప్ప మిగతావేవీ వదలనిది సర్పంచ్. కొత్తగా మెరుస్తూ, ఒక్క దెబ్బకే తల అరిగిపోయేది పెండ్లికొడుకు. ఒక మెకానిక్ వచ్చి ఫలానా కారులో ఫలానా బోల్టు రావడం లేదని చెబితే, కాక అడిగే మొదటి ప్రశ్న, "అల్లుడా, సర్పంచా?" ఆ మాటలు ఆయన షెడ్డు దాటి చుట్టుపక్కల షెడ్లకు పాకాయి. ఇప్పటికీ నా దగ్గరికొచ్చి "అల్లునికి నూనె ఇయ్యక్కా" అనేవాళ్ళున్నారు.

నేను పదో తరగతితో బడి మానేశాను. నాన్నకు మోకాళ్ళు పట్టేశాక దుకాణం నా చేతికొచ్చింది. గురువారం సెలవు. ఆ రోజు సంగారెడ్డి బస్సెక్కి గ్రంథాలయానికి పోతాను. మొదట్లో కథల పుస్తకాలు తెచ్చుకునేదాన్ని. తర్వాత, అమ్మే వస్తువు ఎలా పనిచేస్తుందో తెలియకుండా ఎలా అమ్మడం అనిపించి, యంత్రాల గురించిన పుస్తకాలు పట్టుకున్నాను. అక్కడి నుంచి నక్షత్రాలు, నరాలు, నేల పొరలు, ఏది దొరికితే అది. ఎవరూ చెప్పకుండా నేర్చుకున్నదాని రుచి వేరు. చదివింది ఎవరికైనా చెబితే గానీ నాకు నిద్రపట్టదు. కౌంటర్ ముందు నిలబడి వినేవాడు కాక ఒక్కడే.

ర్యాచెట్ స్పానర్లు మా దుకాణానికి వచ్చిన కొత్తలో, వాటి గురించి చదివి ఆయనకే ముందు చెప్పాను. మామూలు రింగు స్పానర్‌తో ఇరుకులో బోల్టు తిప్పాలంటే కొంచెం తిప్పి, తీసి, మళ్ళీ తొడిగి, మళ్ళీ కొంచెం తిప్పాలి. ర్యాచెట్ స్పానర్ తలలో ఒక పళ్ళచక్రం, ఆ పళ్ళలో పడే ఒక ఇనుప నాలుక ఉంటాయి. ముందుకు తిప్పితే పట్టుకుంటుంది, వెనక్కి తెస్తే కిరకిరమని జారుతుంది. తీసి తొడిగే పనే లేదు. విప్పడానికి ఒక ముఖం, బిగించడానికి తిరగేసి రెండో ముఖం. ఆ నాలుకను పాల్ అంటారని కూడా చెప్పాను. "పాలా, పెరుగా?" అని నవ్వి, సెట్టులో ఒకటి తీసుకుని కౌంటర్‌కు కొట్టి విన్నాడు. "మూగది" అని తిరిగిచ్చేశాడు.

ఆయన అనుమానానికి కారణం ఉంది. మా ప్రాంతంలో మెకానిక్కుల్లో చాలామంది ఒకప్పుడు ఫ్యాక్టరీల్లో ఫిట్టర్లు, కాకతో సహా. పెద్ద యంత్రాల దగ్గర అలవాటైన పద్ధతి ఒకటి వాళ్ళను వదలదు. బోల్టు రాకపోతే స్పానర్ పిడికి పైపు తొడిగి, బరువంతా వేసి లాగుతారు. పైపు లేకపోతే ఇంకో స్పానర్ తగిలిస్తారు. అదీ కాకపోతే సుత్తి. మామూలు స్పానర్ దాన్ని ఓర్చుకుంటుంది. ర్యాచెట్‌లోని ఆ చిన్న పళ్ళు ఓర్చుకోలేవు. నా దగ్గర మొదటి సెట్టు కొన్న మెకానిక్ ఆ వారమే పైపు తొడిగి, పళ్ళు రాలగొట్టి తెచ్చాడు. కాక ఆ స్పానర్ అందరికీ తిప్పి చూపించాడు. "దీని గుండె పిట్ట గుండె" అన్నాడు. ఆ ఒక్క మాటతో నా సెట్లు అల్మారాలోనే ఉండిపోయాయి.

అయినా ఆయన చూపు మాత్రం వాటి మీదే ఉండేది. వచ్చినప్పుడల్లా ఒకటి బయటికి తీయించుకుని, పిడి పట్టుకుని కిరకిరమని తిప్పి, పెట్టేసి, కుడిచెయ్యి విదిలించేవాడు. అదంతా ఆయన తొందర అనుకునేదాన్ని. దుకాణానికి వచ్చే కుర్రవాళ్ళు ఆ విదిలింపును అనుకరించి నవ్వేవారు, నేనూ నవ్వాను. ఒక గురువారం గ్రంథాలయంలో శరీరం గురించిన పుస్తకం తిరగేస్తుంటే, మణికట్టులోంచి వేళ్ళకు పోయే నరం నొక్కుకుపోతే ఏమవుతుందో రాసి ఉంది. తిమ్మిరి, పట్టు తప్పడం. అలాంటివాళ్ళు తెలియకుండానే చెయ్యి విదిలిస్తుంటారట. చదివిన చోటే లేచి నిలబడ్డాను. తిరిగొచ్చేటప్పుడు బస్సులో సీటు దొరికినా కూర్చోలేకపోయాను.

మరుసటి రోజు కాకతో చెప్పాను. "పుస్తకం సదివి చెయ్యి సూస్తున్నవా?" అని కొట్టిపారేశాడు. రెండడుగులు స్కూటర్ వైపు వేశాడు, తిరిగొచ్చాడు. ఆ రోజు మాత్రం ఇంజను ఆపేసి వచ్చాడు.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడో పోయాడట. బొటనవేలూ, పక్కనున్న రెండు వేళ్ళూ సగం చచ్చుబడ్డాయి. ఆపరేషన్ మాట ఎత్తగానే అక్కడి నుంచి వచ్చేశాడు. అది కాకపోతే చెయ్యి తిప్పే పని తగ్గించాలన్నారు. మెకానిక్ చేసేదే తిప్పే పని. ఇదంతా ఇంట్లో తెలిసి, బామ్మర్ది తెల్లాపూర్‌లో పెద్ద అపార్టుమెంట్ల దగ్గర గేటు కాపలా ఉద్యోగం చూశాడు. వాచ్‌మెన్ల మీద సూపర్‌వైజర్ ఆ బామ్మర్దే. రోజంతా కుర్చీలో కూర్చుని వచ్చే బండ్లకు కర్ర లేపడం, దించడం. వచ్చే నెల ఒకటో తారీఖున చేరాలి, షెడ్డు ఖాళీ చేయాలి. ఇదంతా చెబుతూ కాక దుకాణంలో ఈ మూల నుంచి ఆ మూలకు నడుస్తూనే ఉన్నాడు.

"కుర్చీల కూసుంటె నేను సస్త బిడ్డా," అన్నాడు. "తీసి తొడిగే పని తప్పితే చెయ్యి నడుస్తదేమో. గా పానాలు నిజంగ పనికొస్తయా? అమ్మేదానివి గాదు, సదివినదానివి చెప్పు."

అన్ని నెలలుగా ఆయన అల్మారా ముందు అడుగుతున్న ప్రశ్న ఏమిటో అప్పుడు తెలిసింది. షెడ్డు ఉంటుందా, పోతుందా అన్నదే ఆ ప్రశ్న. నాకు తెలిసింది చెప్పాను. పట్టేసిన బోల్టును ముందు మామూలు రింగు స్పానర్‌తో కదిలించాలి, పైపు తొడిగినా దానికే తొడగాలి. కదిలాక ర్యాచెట్. అప్పుడు మణికట్టు తిప్పే పని చాలా తగ్గుతుంది. సెట్టంతా వద్దు, ఎక్కువ వాడే రెండు మూడు సైజులు చాలు. కాక తల ఊపాడు, ఊపి మళ్ళీ అడ్డంగా ఊపాడు. గాజు ముందు నిలబడి ఎంత తిప్పినా ఏమీ తెలియదని, ఒక రోజు షెడ్డుకు పట్టుకొస్తే కారు మీదే చూద్దామని అన్నాడు. ఈసారి "ఇగ పోత" అనకుండానే పోయాడు.

రెండు రోజుల తర్వాత ఒకావిడ వచ్చింది. మాత్రల కంపెనీ ప్యాకింగ్ సెక్షన్ వాళ్ళు వేసుకునే నీలం కోటు చేతి మీద వేసుకుని ఉంది. నన్ను పైనుంచి కింద దాకా చూసి, కిరకిర పానాలు చూపెడుతున్నది నువ్వేనా అని అడిగింది. కాక భార్య. చిన్నమ్మా కూర్చో అన్నాను. కూర్చోలేదు.

"ఆయనకు అమ్మకు బిడ్డా," అంది. "అవి చేతికొస్తె ఆ షెడ్డు ఇడువడు. చెయ్యి మొత్తం సచ్చినంక అన్నం నేను కలిపి పెట్టాల్నా?"

కాక కుర్చీలో కూర్చోగలడా అన్నాను. నేర్చుకుంటడు అంది. పన్నెండేండ్లుగా తాను షిఫ్టంతా నిలబడి మాత్రల స్ట్రిప్పుల మీద బొటనవేలు నడుపుతోంది. ఎక్కడ ఖాళీ గుంట తగిలితే ఆ స్ట్రిప్పు పక్కన పడేయాలి. కళ్ళతో చూడాల్సిన పని లేదట, వేలికే తెలుస్తుందట. "నిలబడుడు నేను నేర్సుకోలేదా?" అని అడిగింది. అమ్మనని మాట ఇవ్వలేదు, అమ్ముతాననీ అనలేదు. ఆమె వెళ్ళాక అల్మారా తాళం వేశాను, తీశాను.

ఆ గురువారం సంగారెడ్డి బస్సెక్కలేదు. సెట్టు సంచిలో పెట్టుకుని బీరంగూడ పోయాను. చూపించడం వేరు, అమ్మడం వేరు అని దారంతా నాకు నేనే చెప్పుకున్నాను.

షెడ్డులో ఒక గుమస్తాగారి పాత కారు బానెట్ ఎత్తి ఉంది. బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటర్ విప్పాలి. పై బోల్టు అప్పటికే వచ్చేసింది. కింది బోల్టు పొడుగు, దాని తలకు ఎదురుగా కారు బాడీ ఇనుము, మధ్యలో చెయ్యి దూరేంత సందు మాత్రమే. కంటికి కనబడదు, తడుముకుని చెయ్యాల్సిందే. "అల్లుడు" అన్నాడు కాక. నేను చెప్పినట్టే రింగు స్పానర్‌కు చిన్న పైపు తొడిగి, భుజం బరువు వేసి దాన్ని కదిలించాడు. తర్వాత నా సంచి వైపు చెయ్యి చాపాడు.

అప్పుడే చిన్నమ్మ వచ్చింది. మధ్యాహ్నం షిఫ్టుకు పోతూ టిఫిన్ డబ్బా తెచ్చింది. నన్ను చూసింది, నా సంచి చూసింది. గడప దగ్గర డబ్బా పట్టుకుని నిలబడిపోయింది.

కాక ఆమెను చూడలేదు. స్పానర్ తొడిగి పిడిని ఇంత ముందుకు, ఇంత వెనక్కి ఆడిస్తున్నాడు. కిరకిరమంటూ బోల్టు వస్తోంది. మణికట్టు తిరగడం లేదు, మోచెయ్యి మాత్రం ఊగుతోంది. మొహం విప్పారింది. బోల్టుతో మాట్లాడటం మొదలుపెట్టాడు. "రా బామ్మర్ది, రా, ఎన్ని దినాలుంటవ్ అత్తగారింట్ల" అంటున్నాడు. అల్లుడు కాస్తా బామ్మర్ది అయిపోయాడని నేను నవ్వాను. చిన్నమ్మ కారును చూడటం లేదు. ఆయన చేతినే చూస్తోంది. నేనూ చూశాను. చాలాసేపటి నుంచి ఆ చెయ్యి ఒక్కసారి కూడా విదిలించుకోలేదు.

కిరకిర ఆగింది.

కాక పిడి లాగాడు. రాలేదు. ఇంకోసారి తిప్పాడు, ఇంకా బిగుసుకుంది. బోల్టు బయటికొస్తూ వస్తూ, తన తల మీదున్న స్పానర్‌తో సహా ఎదురుగా ఉన్న బాడీ ఇనుముకు తగిలి ఇరుక్కుపోయింది. స్పానర్ పైకి ఊడి రావడానికి సందు లేదు. బోల్టును వెనక్కి బిగించి సందు చేద్దామంటే, ఆ స్పానర్ తొడిగిన ముఖం విప్పడం తప్ప ఇంకోటి చెయ్యదు. తిరగేసి తొడగాలంటే ముందు అది ఊడి రావాలి. అంతా తెలిసిన విషయమే, నేనే పుస్తకంలో చదివి చెప్పిన విషయమే. ఇలా ఇరుక్కుంటుందని మాత్రం నాకు తట్టలేదు.

"సందు తక్కువైతుందని వేలికి తెల్వాలె," అన్నాడు కాక నెమ్మదిగా. "తెల్వలే."

దారి ఒక్కటే ఉందన్నాడు. ఇంజను కూర్చున్న ఒక పట్టు వదులు చేసి, కింద చెక్క పెట్టి జాకీతో ఇంజనును కొంచెం లేపాలి. బోల్టు బాడీ నుంచి అంతమేర జరుగుతుంది. ఎంత లేచిందో చేతితో తడిమి చూస్తూ, సరిపడా సందు రాగానే స్పానర్ లాగెయ్యాలి. ఎక్కువ లేపితే పైనున్న పైపులు తెగుతాయి. జాకీ ఆయన ఎడమచేత్తో కొట్టగలడు. సందులో పెట్టాల్సిన చెయ్యి కావాలి. నేను చేతి గాజులు తీసి ప్రయత్నించాను. ఏది బోల్టో, ఏది స్పానరో, ఏది బాడీనో నాకు అంతా ఒకటే ఇనుము.

చిన్నమ్మ డబ్బా కింద పెట్టింది. నీలం కోటు నా చేతికిచ్చింది. కాక వద్దన్నాడు. జాకీ జారితే వేళ్ళు పోతాయి, షిఫ్టుకు పో అన్నాడు. ఆమె వినలేదు. బానెట్ మీదికి వంగి చెయ్యి లోపలికి పెట్టి, తల పక్కకు తిప్పి గోడ వైపు చూడసాగింది. కాక కారు కిందికి దూరాడు. ఒక్కో దెబ్బ జాకీ కొట్టి, లేచిన మేరకు కింద ఇంకో చెక్క తోసి, అది పట్టిందో లేదో తన్ని చూసి, అప్పుడు ఇంకో దెబ్బ కొట్టాడు. అంత నిదానంగా ఆయన ఏ పనీ చేయడం నేను చూడలేదు.

"ఎంతొచ్చింది?"

"గోరంత."

ఇంకో దెబ్బ. ఇంకో చెక్క.

"ఇప్పుడు?"

"ఆగు. కొట్టకు. ఒక పక్క తగులుతుంది, ఒక పక్క ఖాళీ ఉన్నది." ఆమె మోచెయ్యి కొంచెం కదిలింది. "ఇగ అర దెబ్బ. అర్ధమే."

జాకీ చిన్నగా మూలిగింది. చిన్నమ్మ చెయ్యి బయటికి తీసింది. చేతిలో స్పానర్ ఉంది. వేళ్ళ కణుపుల దగ్గర తోలు లేచి, నల్లటి గ్రీజులో ఎర్రగా కనబడింది.

కాక కింది నుంచి వచ్చి ముందు ఆ వేళ్ళు చూశాడు. ఒక్కొక్కటే వంచమన్నాడు, వంచింది. తర్వాత నా వైపు తిరిగాడు.

"నువ్వు సదివి తెచ్చినవ్, నేను ఆశపడి తిప్పిన," అన్నాడు. "ఇగ అయిపోయింది బిడ్డా. ఒకటో తారీఖు పోయి కూసుంట."

బానెట్ అవతలి వైపుకు పోయి, పైపులు సరిచూస్తున్నట్టు వంగాడు. నేను మిగతా స్పానర్లు సంచిలో సర్దుతున్నాను. బయట రోడ్డు మీద లారీలు పోతున్నాయి. చిన్నమ్మకు షిఫ్టు టైం దాటిపోతోంది, ఆమె కదల్లేదు. గుడ్డతో ముందు స్పానర్ తుడిచింది, ఆ తర్వాత తన చెయ్యి. స్పానర్ తలను బొటనవేలితో ఒక దిక్కు తిప్పింది, తిరిగింది. రెండో దిక్కు తిప్పింది, తిరగలేదు.

"తొడిగినంక దిక్కు మార్సరాదా దీనికి?" అని నన్ను అడిగింది.

రాదు చిన్నమ్మా, తీసి తిరగెయ్యాలె అన్నాను.

"తియ్యకుండనే మార్సేది ఎవ్వరు చెయ్యలేదా?"

"ఉంటది," అన్నాడు కాక బానెట్ అవతలి నుంచి. "తలకాయ కాడ చిన్న మీట ఉంటది. గని అది మందం, అన్ని సందులల్ల పట్టది."

"నిన్ను అడుగలే," అంది చిన్నమ్మ, నా మీది నుంచి చూపు తిప్పకుండా. "ఎప్పుడు తెప్పిస్తవ్ బిడ్డా?"